పూత వాన తప్పితే: మన్యం కాఫీ రైతుకు వాతావరణ మార్పు ఎలా తగులుతోంది

కాఫీ చెట్టు వానాకాలమంతా తడిసినా దాని దిగుబడిని తేల్చేవి వేసవి మొదట్లో పడే ఒకటి రెండు వానలే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొమ్మల కణుపుల దగ్గర మొగ్గలు కడతాయి. కట్టి, ఎండలో అలాగే కదలకుండా ఉండిపోతాయి. మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో ఒక మంచి వాన, అంటే 25 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా పడితే, ఎనిమిది పది రోజుల్లో తోట మొత్తం ఒకేసారి తెల్లగా పూస్తుంది. ఆ పూత రెండు మూడు రోజులే ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు వారాల్లోపు ఇంకో వాన పడాలి. లేకపోతే పిందె నిలవదు. మొదటి దాన్ని పూత వాన అనుకుంటే, రెండోది పిందె నిలబెట్టే వాన.

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం కొండల్లో, పాడేరు, అరకు, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు, లక్షకు పైగా గిరిజన కుటుంబాల నగదు ఆదాయం ఈ రెండు వానల మీద చాలావరకు నిలబడి ఉంది. వాతావరణ మార్పు అనగానే మనకు ఎండలు, వడదెబ్బ, సముద్రం ముందుకు రావడం గుర్తొస్తాయి. కొండ మీద అది అలా రాదు. వాన తన తేదీ తప్పుతుంది. మొత్తం వర్షపాతం లెక్క చూస్తే ఆ ఏడాది బాగానే ఉన్నట్టు కనబడుతుంది, రైతు మాత్రం నష్టపోయి ఉంటాడు. ఈ రెండూ ఒకే ఏడాది ఎలా నిజమవుతాయో అర్థం చేసుకుంటే మన్యంలో జరుగుతున్నది సగం అర్థమైనట్టే.

ముందు ఆ తోటల సంగతి. 1960ల్లో అటవీ శాఖ ఇక్కడ కాఫీ వేయడం మొదలుపెట్టింది. పోడు కోసం కొండలు నరకడం తగ్గుతుందని, మట్టి కొట్టుకుపోకుండా ఉంటుందని ఒక ఆలోచన. తర్వాత ఐటీడీఏ, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, గిరిజన రైతుల చేత సొంత భూముల్లోనే వేయించింది. ఇప్పుడది లక్షన్నర ఎకరాలకు పైగా విస్తరించింది. కర్ణాటకలో లాగా వందల ఎకరాల ఎస్టేట్లు ఉన్న దొరలు ఇక్కడ లేరు. ఒక్కో ఇంటికి ఎకరం, రెండెకరాలు. 900 నుంచి 1,200 మీటర్ల ఎత్తులో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన అరబికా కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. అంత పేరున్న పంట వెనక ఉన్న రైతుకు బోరు లేదు, స్ప్రింక్లర్ లేదు, ఒక ఏడాది పంట పోతే తట్టుకునే నిల్వ డబ్బు లేదు.

పూత వాన దగ్గరికి మళ్ళీ వద్దాం. మొగ్గను లేపాలంటే వాన సరిపడా పడాలి. చిరుజల్లు పడి ఆగిపోతే కొన్ని మొగ్గలే లేస్తాయి. పది పదిహేను రోజుల తర్వాత మరో జల్లు పడితే ఇంకొన్ని. ఇలా మూడు నాలుగు విడతలుగా పూసిన తోటలో, పంట చేతికొచ్చే నవంబరు నాటికి ఒకే కొమ్మ మీద ఎర్రగా పండిన పండు, పసుపు తిరిగిన కాయ, పచ్చి కాయ పక్కపక్కనే ఉంటాయి. మంచి ధర పలికేది ఎర్ర పండుకే. అంటే రైతు ఆ చెట్టు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాల్సింది నాలుగైదుసార్లు వెళ్ళాలి. ఏటవాలు కొండ మీద, బుట్ట నడుముకి కట్టుకుని, ఒక్కో పండు ఏరుకుంటూ. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. అన్నిసార్లు తిరగడానికి మనుషులు లేనప్పుడు ఒకేసారి కొమ్మ దూసేస్తారు. పచ్చి కాయ కలిసిందని కొనేవాడు ధర తగ్గిస్తాడు. మార్చిలో చాలీచాలని జల్లు పడటానికీ, డిసెంబరులో కాటా దగ్గర రూపాయలు తగ్గడానికీ మధ్య తొమ్మిది నెలల దూరం ఉంది. అందుకే ఆ నష్టాన్ని వాతావరణం ఖాతాలో ఎవరూ రాయరు. నాణ్యత లేదన్న పేరుతో అది రైతు ఖాతాలోనే పడుతుంది.

పూత సమయంలో ఎండ మరీ ఎక్కువైనా చిక్కే. మొగ్గ మామూలు పువ్వుగా విచ్చుకోకుండా, చిన్నగా, ఆకుపచ్చగా, నక్షత్రం ఆకారంలో బిరుసెక్కిపోతుంది. అది కాయ కట్టదు. ఇక వాన సరిగ్గా పువ్వు విచ్చిన రోజునే కుండపోతగా పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. చెట్టుకు కావలసిన వాన అంతే ఉన్నా, వారం అటూ ఇటూ అయితే ఫలితం వేరు.

విడతలవారీ పూత వల్ల ఇంకో ముప్పు కూడా ఉంది. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయ తొలిచే పురుగు బయటపడింది. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర కనబడింది. మూడు దశాబ్దాలకు పైగా తూర్పు కనుమలు దీని నుంచి తప్పించుకుంటూ వచ్చాయి. చూడటానికి నల్లటి ఆవగింజ కంటే చిన్నది. ఆడ పురుగు కాయ కొసన, బొడ్డు దగ్గర, గుండుసూది గుచ్చినంత రంధ్రం చేసుకుని లోపలికి పోతుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజనే తిని పెరుగుతాయి. బయటి నుంచి కాయ బాగానే ఉంటుంది, ఆ చిన్న చుక్క తప్ప. మందు కొట్టినా లోపల ఉన్న పురుగుకు సరిగ్గా తగలదు.

ఈ పురుగుకు వేడి కలిసొస్తుంది. సగటున 15 డిగ్రీల లోపు ఉంటే దాని సంతానం పెరగదు. వెచ్చదనం పెరిగేకొద్దీ గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యే కాలం తగ్గి, ఏడాదిలో తరాల సంఖ్య పెరుగుతుంది. కొండ చల్లదనం ఇన్నాళ్ళూ ఇచ్చిన రక్షణ ఇలా సన్నగిల్లుతుంది. దానికి తోడు, పంట మొత్తం ఒకేసారి కోసి, రాలిన కాయలు కూడా ఏరేస్తే, మధ్యలో కొన్ని నెలలు పురుగుకు కాయ దొరక్క చస్తుంది. విడతలుగా పూసిన తోటలో ఆ ఖాళీ ఉండదు. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒక కాయ ఉంటుంది, పురుగుకు ఇల్లు దొరుకుతుంది. అరకులో ఈ పురుగు వాతావరణ మార్పు వల్లే వచ్చిందని నేను అనడం లేదు. సంచుల్లోనో, మనుషులతోనో, మరెలాగైనా వచ్చి ఉండవచ్చు. వచ్చిన పురుగు నిలదొక్కుకోవడానికి కావలసిన పరిస్థితిని మాత్రం తేదీ తప్పిన వానలూ, పెరిగిన వెచ్చదనమూ కలిసి తయారు చేస్తున్నాయి.

ఇక వేడి. అరబికాకు ఏడాది సగటు ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే హాయి. అది దాటి పైకి పోతే పండు త్వరగా పండిపోతుంది, గింజ నిండదు, రుచి పలుచబడుతుంది. సాధారణంగా కొండ ఎక్కేటప్పుడు ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల దాకా చల్లబడుతుంది. దీన్ని తిప్పి లెక్కేస్తే, వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే అదే చల్లదనం కోసం పంట సుమారు 150 మీటర్లు పైకి పోవాలి. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ తోటలు ఇలాగే కదిలాయి. కులూ లోయ కింది భాగాల్లో ఆపిల్ కాపుకు కావలసినన్ని చలి గంటలు చలికాలంలో దొరక్క ఆ పంట తగ్గి, ఆ స్థానంలో దానిమ్మ, కూరగాయలు వచ్చాయి. ఆపిల్ ఏమో కిన్నౌర్, లాహౌల్ వైపు పైకి పాకింది. హిమాలయంలో పైకి వెళ్ళడానికి ఇంకా కొండ ఉంది. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాలే 1,700 మీటర్లు దాటవు. పైకి పోయేకొద్దీ నేల విస్తీర్ణం తగ్గిపోతుంది. ఉన్నది కూడా రిజర్వు అడవి. 1,000 మీటర్ల దగ్గర రెండెకరాల పట్టా ఉన్న రైతు తన పట్టాను 150 మీటర్లు పైకి జరుపుకోలేడు.

చలికాలంలో లంబసింగి వెళ్ళొచ్చినవాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుంది. అక్కడ సున్నాకు దగ్గరగా పడిపోయే చలి, గడ్డి మీద పేరుకున్న మంచు చూసి, ఇక్కడ వేడెక్కడమేంటి అనుకుంటారు. డిసెంబరులో నిర్మలమైన రాత్రుళ్ళు నేల వేడి మొత్తం ఆకాశంలోకి పోవడం వల్ల లోయల్లో అంత చలి పడుతుంది. ఆ చలి అలాగే ఉంటూనే మార్చి, ఏప్రిల్, మే నెలల ఎండ పెరగవచ్చు. పంటకు కావలసింది ఏ నెలలో ఎంత అన్నది. 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక చెప్పింది. ఆ అంకె చిన్నదే, కానీ అది సగటు. ఏ నెల వాటా ఎంత, ఏ లోయ వాటా ఎంత అన్నది సగటులో కనబడదు.

ఈ ఎండకు అడ్డంగా రైతు దగ్గర ఉన్నది నీడ ఒక్కటే. చెట్ల నీడన కాఫీ తోటలో బయటి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది, తేమ నిలుస్తుంది, ఆకు రాలి మట్టి అవుతుంది. కాండం తొలిచే తెల్ల పురుగు కూడా ఎండ పడే చెట్లనే వెతుక్కుని గుడ్లు పెడుతుంది. నీడ తీసేస్తే ఒకేసారి అన్ని దెబ్బలూ తగులుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చేసింది ఇదే. విశాఖ దగ్గర గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో తీరం దాటి, ఆ తుపాను కనుమలు ఎక్కింది. విశాఖ నగరం కూలిన సంగతి అందరికీ గుర్తుంది. అరకు, అనంతగిరి తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీద పడిన సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. విరిగిన మొక్కల నష్టం ఆ ఏడాదిది. నీడ పోయిన నష్టం తర్వాతి ఏళ్ళది. కొత్త చెట్టు ఎదిగి గొడుగు పట్టేదాకా కాఫీ ఎండలోనే మగ్గింది. కాఫీ మొక్క కొత్తగా వేస్తే తొలి కాపుకు మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఒక్క రోజు గాలికి పోయిన ఆదాయం తిరిగి రావడానికి అన్నేళ్ళు పట్టిందంటే, ఆ మధ్యలో పిల్లల చదువు ఆగిందా, వలస పోయారా, షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నారా అన్నది ఏ నష్టపరిహారం ఫారంలోనూ ఉండదు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. సిల్వర్ ఓక్ త్వరగా పెరుగుతుంది, నిటారుగా ఉంటుంది, మిరియం పాకడానికి బాగుంటుంది, కలపకు పనికొస్తుంది. అందుకే అందరికీ అదే ఇచ్చారు. కానీ నీడంతా ఒకే జాతి చెట్టు మీద పెట్టడం వల్ల, అది పడిపోయినప్పుడు తోట మొత్తం బోడి అయింది. పనస, మామిడి, అడవి చెట్లు కలిసి ఉన్న తోటలో ఏదో ఒకటి నిలబడే అవకాశం ఎక్కువ. పనసకాయ ఇంట్లో తిండికీ, సంతకూ పనికొస్తుంది. పోడు చేసే రోజుల్లో ఒకే చేనులో సామ, చోడి, కంది, కొర్ర కలిపి చల్లిన మనుషులకు ఈ సంగతి ఎవరో చెప్పాల్సిన పని లేదు. మొక్కలు పంచిన పథకాలే దాన్ని పట్టించుకోలేదు.

తుపాన్ల తీరు కూడా మారినట్టు అనిపిస్తే అది భ్రమ కాదు. బంగాళాఖాతం తుపాన్లు ముందు నుంచీ ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చేవే. మారిందేమిటంటే, సముద్రం వెచ్చబడి అవి త్వరగా బలపడుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది, కురిసినప్పుడు అదంతా ఒకేసారి కురుస్తుంది. మధ్య భారతంలో 1950 నుంచి 2015 మధ్య విస్తారంగా పడే అతి భారీ వానలు దాదాపు మూడు రెట్లు అయ్యాయని 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది. మన్యంలో కాఫీ కోత సరిగ్గా ఈ తుపాను కాలంలోనే పడుతుంది.

కోసిన పండును ఏం చేస్తారో చూస్తే కష్టం తెలుస్తుంది. అదే రోజు పల్పింగ్ మిషన్‌లో తొక్క తీయాలి. జిగురు పోయేదాకా పులియబెట్టి, కడిగి, కళ్ళంలో పలుచగా పరిచి, గంటకోసారి కలియబెడుతూ పది పన్నెండు రోజులు ఎండబెట్టాలి. తేమ 10, 11 శాతానికి దిగాలి. అప్పుడది పార్చ్‌మెంటు, అంటే పైన పలుచని పొర మాత్రం మిగిలిన ఎండు గింజ. నాలుగో రోజున వాన పడితే పరదా కప్పుతారు. పరదా కింద గింజ చెమర్చి బూజు పడుతుంది. వాసన పట్టిన గింజను ఎంత ఎండబెట్టినా ఆ వాసన పోదు. చాలా ఇళ్ళకు సిమెంటు కళ్ళం కూడా లేదు, మట్టి నేల మీదే టార్పాలిన్ వేసి ఆరబెడతారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలు ఇలాంటి వేళలోనే పడ్డాయి. కాఫీతో పాటు కోసి పరిచిన వరి పనలు, చింతపల్లి వైపు రాజ్‌మా కూడా అప్పుడే పొలంలోనో కళ్ళంలోనో ఉండే కాలం అది. కొండ రైతుకు నాలుగు పంటలున్నాయి కదా, ఒకటి పోతే ఒకటి ఉంటుంది అనుకుంటాం. ఆ నాలుగూ డిసెంబరు మొదటి వారంలోనే ఇంటికి వచ్చేవైతే ఒక్క తుపాను నాలుగింటినీ తీసుకుపోతుంది.

ఈ విషయంలో చోళ్ళు, సామలు నయం. తక్కువ నీళ్ళతో పండుతాయి, కొంత ఆలస్యాన్ని ఓర్చుకుంటాయి. కొత్తగా ఏం నాటాలా అని వెతికే ముందు ఇంట్లో ఉన్న పాత విత్తనాన్ని కాపాడుకోవడం మేలు.

నీటి సంగతి కూడా వాన తీరుతోనే ముడిపడి ఉంది. కొండ ఊళ్ళకు చెరువులు ఉండవు, ఊటలూ గెడ్డలే. ఊటకు నీరు మెల్లగా పడే వాన నుంచి వస్తుంది. మట్టిలోకి ఇంకి, రాతి పగుళ్ళలోంచి దిగి, నెలల తర్వాత కింద బయటికొస్తుంది. రెండు నెలల వాన రెండు రోజుల్లో పడితే ఇంకే సమయం ఉండదు. మట్టిని కూడా వెంటబెట్టుకుని గెడ్డలోకి దూకుతుంది. ఏప్రిల్ నాటికి ఊట సన్నబడుతుంది, బిందె నిండటానికి ఆడవాళ్ళు గంటలు కూర్చుంటారు. కొండచరియలు విరిగిపడితే కొత్తవలస–కిరండోల్ రైలు ఆగిందని వార్త వస్తుంది. ఆ చరియతో పాటు పోయిన మడి గురించి రాదు.

అన్నిటికీ వాతావరణమే కారణం అనడం కూడా తప్పే. అడవి పలుచబడటం, ఏటవాలు భూముల్లో అడ్డుకట్టలు లేకపోవడం, రోడ్ల కోసం కొండ చెక్కడం ఇవన్నీ మనం చేసినవే. వాతావరణ మార్పు ఆ బలహీనతల మీద వచ్చి పడుతోంది. ధర సంగతి చూడండి. 2024లో బ్రెజిల్‌లో కరువు వచ్చి, 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా ధర పౌను నాలుగు డాలర్లు దాటి చరిత్రలోనే అత్యధికానికి చేరింది. మన్యంలోనూ ధర పెరిగింది. అంటే ఎక్కడో వేరే రైతు పంట ఎండిపోవడం ఇక్కడి రైతుకు ఒక మంచి ఏడాది అయింది. బ్రెజిల్‌లో వానలు కుదిరితే అదే ధర దిగిపోతుంది, ఆ ఏడాది మన దగ్గర పూత వాన తప్పి ఉంటే రైతుకు రెండు వైపులా దెబ్బే. పైగా పెరిగిన ధర దక్కేది, అడ్వాన్సు తీసుకుని పంటను ముందే అమ్ముకోనివాళ్ళకు మాత్రమే. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ సీజన్ మొదట్లోనే ధర ప్రకటించి కొనడం వల్ల షావుకారు కూడా కొంత ధర పెంచక తప్పడం లేదు. ఆ సంస్థ ఎంత ఎక్కువ ఊళ్ళకు, ఎంత త్వరగా వెళ్తే అంత మేలు.

బీమా గురించి అడిగితే, కొండకు అది సరిపోయేలా తయారు కాలేదు. వాతావరణ ఆధారిత బీమా అంటే ఒక వర్షమాపకంలో నమోదైన అంకె చూసి డబ్బు ఇవ్వడం. మైదానంలో మండల కేంద్రంలో పడిన వాన చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇంచుమించు పడుతుంది. కొండకు ఈ వైపు కుండపోత పడుతుంటే ఆ వైపు పొడిగా ఉంటుంది. పూత వానకు బీమా పెట్టాలంటే మాపకం లోయకొకటి, పంచాయతీకొకటి ఉండాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు, పంచాయతీలో బడి పిల్లలు కూడా చదివి రాయగలిగిన పరికరం. దానికి ముందు ఇంకో అడ్డంకి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా రాని కుటుంబానికి బ్యాంకు రుణమూ లేదు, పంట నష్టం జాబితాలో పేరూ లేదు.

పనికొచ్చే పనులు కొన్ని ఇప్పటికే జరుగుతున్నాయి. పండును పండుగానే కొని, ఒకచోట యంత్రాలతో పల్పింగ్ చేసి, ఎత్తైన బల్లల మీద, పైన పారదర్శక కప్పు కింద ఎండబెట్టే పద్ధతి వచ్చింది. వాన ముప్పు అప్పుడు రైతు ఇంటి ముందు నుంచి కొనేవారి మీదకు మారుతుంది, ముప్పు తట్టుకోగలిగిన చోటికి. గెడ్డ నీటిని కరెంటు లేకుండా వాలు మీదనే పైపుల్లో తోటకు తెచ్చుకునే వీలున్న చోట, వాన రాకపోయినా ఒక్క తడి ఇచ్చి పూత పూయించవచ్చు. కర్ణాటకలో రోబస్టా అనే మరో రకం కాఫీ తోటల యజమానులు స్ప్రింక్లర్లతో ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది. అక్కడ అది యజమాని పెట్టుబడితో అయింది, ఇక్కడ ఊరుమ్మడిగా, ప్రభుత్వ డబ్బుతోనే కావాలి.

కాయ తొలిచే పురుగుకు మందు కంటే శుభ్రతే ప్రధానం. కోత అయ్యాక చెట్టు మీద మిగిలిన కాయ, కింద రాలిన కాయ ఒక్కటి కూడా వదలకుండా ఏరి, మరిగే నీళ్ళలో ముంచి, పాతిపెట్టాలి. రాలిన కాయలు ఏరడంలో రైతుకు పైసా ఆదాయం లేదు, రోజుల తరబడి నడుం వంచే పని మాత్రం ఉంది. పక్క తోట రైతు ఏరకపోతే తాను ఏరింది వృథా. అందుకే ఇది ఒక్కో రైతుకు సలహా ఇచ్చి వదిలేసే పని కాదు. ఉపాధి హామీలో చేర్చి, ఊరు మొత్తం ఒకే వారంలో ఏరేలా చేసి, ఏరినవాళ్ళకు కూలి ఇవ్వాలి. పురుగు పట్టిన కాయను రైతు దాచకుండా తెచ్చి చూపించాలంటే, నాశనం చేసిన ప్రతి కిలోకూ పరిహారం ఆ వారంలోనే చేతికి అందాలి.